దొంగ లేడు... కేక ఆగదు!

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వెళ్తుంటే వరిచేలూ రొయ్యల గుంటలూ పలకరిస్తాయి. రాత్రయితే గుంట గట్టు మీద టార్చిలైటుతో కాపలా మనిషి తిరుగుతుంటాడు. చీకట్లో ఏ అలికిడి వినిపించినా ఒక్క కేక పెడతాడు. అది విని పక్క గుంట మనిషి, అతని కేక విని ఇంకొకరు... కాసేపట్లో కర్రలు పట్టుకుని నలుగురూ పోగవుతారు. దొంగ దొరికితే దొరికినట్టు, పారిపోతే పారిపోయినట్టు. కేక ఆగిపోతుంది. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లి పడుకుంటారు.

అలా కాకుండా దొంగ లేకపోయినా కేక ఆగలేదనుకోండి! కర్రలతో వచ్చినవాళ్లు చీకట్లో ఎవరిని కొట్టాలో తెలియక గట్టునే తవ్వేసి, మోటార్లనే విరగ్గొట్టారనుకోండి! నాశనమయ్యేది సొంత గుంటే.

మన ఒంట్లోనూ సరిగ్గా ఇలాంటి కాపలా ఉంది. ఇలాంటి కేకలూ ఉన్నాయి. అవి ఆగకపోతే వచ్చే జబ్బులే ఆటోఇమ్యూన్ జబ్బులు. ఆ కేక పెడుతున్నది ఎవరో మనిషికి చూపించింది... ప్రయోగశాలలోని చిట్టెలుక!

ముగ్గు పట్టని వేళ్లు

ఇదే మండలంలో ఓ ఇల్లు అనుకుందాం. నలభై ఏళ్ల ఇల్లాలు. పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గుపిండి చేతిలోకి తీసుకుంటుంది. వేళ్లు మూసుకోవు. రెండు చేతుల వేళ్లూ ఒక్కలాగే బిర్రబిగుసుకుని ఉంటాయి. కాఫీ గిన్నె పట్టుకోవాలన్నా, తడిబట్ట పిండాలన్నా ప్రాణం పోయినట్టుంటుంది. తొమ్మిది దాటాక కాస్త సడలుతాయి. మర్నాడు మళ్లీ మామూలే.

''వాతం అయ్యుంటది లే వదినా, చలికి పట్టేసుంటది'' అంటుంది పక్కింటావిడ. మెడికల్ షాపు మాత్ర నాలుగు రోజులు పనిచేస్తుంది. చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు ''నీకు ఇమ్యూనిటీ తగ్గిందమ్మా'' అని ఏదో పొడి డబ్బా తెచ్చిపెడతాడు. ఆర్నెల్లు గడిచాక నెల్లూరులో డాక్టరు రక్తపరీక్షలు చూసి చెప్పే మాట వినేసరికి ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు. ''తగ్గడం కాదమ్మా, మీ రోగనిరోధక వ్యవస్థ అక్కర్లేని చోట ఎక్కువ పనిచేస్తోంది!''

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అంటే ఇదే. ఏ ఊళ్లోనైనా జరిగే కథే. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. అరిగిపోయిన మోకాలి నొప్పికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ కీలు అరుగుతుంది. ఇక్కడ కీలు మీద సొంత సైన్యమే దాడి చేస్తుంది. లూపస్, సోరియాసిస్, పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్-1 మధుమేహం కూడా ఈ కుటుంబంలోవే.

కేకలు పెట్టే ప్రొటీన్లు

మన రక్తంలోని తెల్లకణాలకు నోరు లేదు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే చిన్న చిన్న ప్రొటీన్లను బయటకు వదులుతాయి. వాటిని సైటోకైన్లంటారు. ఆ ప్రొటీను వెళ్లి ఇంకో కణం మీదున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. అంతే! ఆ కణం లోపల ఒకదాని తర్వాత ఒకటిగా మరికొన్ని ప్రొటీన్లు మేల్కొని కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి. అక్కడ జన్యువులు పని మొదలుపెడతాయి. వాపు, ఎరుపు, నొప్పి, జ్వరం... అన్నీ ఆ కబురు ఫలితాలే.

ఈ కేకలు లేకపోతే మనం బతకం. ముల్లు గుచ్చుకున్న చోట చీము పట్టడమూ, జలుబు చేసినప్పుడు ఒళ్లు వెచ్చబడటమూ మనల్ని కాపాడే పనులే. చిక్కల్లా కేక ఆగనప్పుడే. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని కుదిపేసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో పోయింది. కీళ్లనొప్పులు మాత్రం కొందరిని నెలల తరబడి మంచానికి కట్టేశాయి. దొంగ వెళ్లిపోయినా కేక ఆగకపోవడమంటే ఏమిటో ఆ ఏడాది ఊళ్లకు ఊళ్లే చూశాయి.

అయితే ఒంట్లో ఒకే కేక లేదు. పదుల కొద్దీ సైటోకైన్లు. అన్నీ ఒకేసారి మోగుతుంటే గొడవ మొదలుపెట్టింది ఏది, వంత పాడుతున్నది ఏది? మనిషిలో తేల్చడం కష్టం. ఒక్కో గొంతూ నొక్కి చూడాలి. ఆ పని మనుషుల మీద చేయలేం కదా!

ఎథెన్స్ ఎలుక, లండన్ మందు

ఎలుకకీ మనిషికీ ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు చెరో ఇరవై వేల దాకా ఉన్నాయి. చాలావాటికి రెండు వైపులా జోడీ కుదురుతుంది. పైగా ఎలుకలో ఏదో ఒక్క జన్యువును మాత్రమే తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచి పిల్లల్ని పుట్టించవచ్చు. ఈ పద్ధతి కనిపెట్టినందుకు కపెచ్చి, ఎవన్స్, స్మిథీస్ అనే ముగ్గురికి 2007లో నోబెల్ వచ్చింది. ఒక్క గొంతు నొక్కి, ఏం జరుగుతుందో చూడటమన్నమాట.

దీనికి తిరకాసుగా ఒక గొంతును పెంచి చూసినవాళ్లూ ఉన్నారు. 1975లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు ఎలుకల రక్తంలో కణితులను మాడ్చే పదార్థాన్ని కనిపెట్టి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. క్లుప్తంగా టీఎన్‌ఎఫ్. క్యాన్సర్ మందవుతుందనుకున్నది కాస్తా వేరే దారి పట్టింది. 1991లో ఎథెన్స్‌లోని హెలెనిక్ పాశ్చర్ ఇనిస్టిట్యూట్‌లో జార్జ్ కొలియాస్ బృందం మనిషి టీఎన్‌ఎఫ్ జన్యువును ఎలుకల్లో పెట్టింది. ఆ ఎలుకల ఒంట్లో టీఎన్‌ఎఫ్ అదుపు లేకుండా తయారైంది. కాళ్ల కీళ్లు వాచి వంకర్లు తిరిగాయి. అచ్చం మనుషుల కీళ్లవాతంలాగే! టీఎన్‌ఎఫ్‌ను పట్టి ఉంచే యాంటీబాడీ ఇస్తే జబ్బు రానే లేదు.

అదే సమయంలో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ ఇదే ప్రొటీను వెంటపడ్డారు. మైనీ లూధియానాలో పుట్టిన మన పంజాబీ. కీళ్లవాతం తెప్పించిన ఎలుకలకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందిస్తే వాపు తగ్గిందని 1992లో ప్రకటించారు. అదే ఏడాది ఛేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో ఇరవై మంది రోగుల మీద పరీక్ష మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఏ మందుకీ లొంగని నొప్పులు రోజుల్లోనే సడలాయి. 1998, 1999ల నాటికి ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందులు బజారులోకి వచ్చాయి. తర్వాత వచ్చిన అడాలిముమాబ్‌కు దీటుగా 2014లో మన జైడస్ కంపెనీ దేశవాళీ మందును తెచ్చింది.

కొత్తగూడెం నుంచి మెంఫిస్‌కి

టీఎన్‌ఎఫ్ దొరికింది కదా, ఇక కథ కంచికేనా? కాదు. ఆ మందు అందరికీ పనిచేయలేదు. అంటే కొందరిలో కేక పెడుతున్నది ఇంకెవరో! ఆ వెతుకులాటలో ముందువరసలో ఉన్న పేరు మన తెలుగమ్మాయిదే. కన్నెగంటి తిరుమలాదేవి.

ఆమెది కొత్తగూడెం. అక్కడి సింగరేణి మహిళా కళాశాలలో కెమిస్ట్రీ, జువాలజీ, బోటనీలతో డిగ్రీ. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. అప్పట్లో ఆమె పరిశోధన ఎలుకల మీద కాదు, బూజు మీద! మిరపకాయల్లో, మిరియాల్లో, ధనియాల్లో బూజు వదిలే విషాన్ని యాంటీబాడీలతో పట్టే పరీక్షల మీద పనిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి, మొక్కలు తెగుళ్ల నుంచి తమను తాము ఎలా కాపాడుకుంటాయో చదివి, ఆనక జంతువుల రోగనిరోధక వ్యవస్థ వైపు మళ్లారు. 2007 నుంచి టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాస్పత్రిలో సొంత ప్రయోగశాల నడుపుతున్నారు.

ఆమె బృందం తీసుకున్న ఎలుకల్లో ఒక రకం పేరు స్పిన్. వీటిలో కేకను ఆపే ఒక ప్రొటీను దెబ్బతిని ఉంటుంది. ఏ సూక్ష్మజీవీ దాడి చేయకపోయినా పాదాలు వాచిపోతాయి. అప్పటికి ఇలాంటి వాపు జబ్బుల్లో అందరి అనుమానం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా మీదే. దానికో తోబుట్టువుంది, ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా. ఇద్దరూ తట్టే తలుపు ఒకటే. అందుకే ఎవరు తడుతున్నారో తెలియదు. బృందం ముందు బీటా జన్యువును తీసేసి చూసింది. పాదాలు వాచాయి. ఆల్ఫాను తీసేసింది. పాదాలు చక్కగా ఉన్నాయి! అసలు దొంగ ఆల్ఫా. 2013లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు.

మరి బీటా మంచిదేనా? ఆ మాటా అనలేం. ఎముకలు వాచే ఇంకో రకం ఎలుకల్లో ఇదే బృందం వెతికితే అక్కడ దోషి బీటాయేనని 2014లో తేలింది. ఒకే ఇంట్లో పుట్టిన రెండు ప్రొటీన్లు, ఒక్కో జబ్బులో ఒక్కొక్కటి! నిజానికి ఈ ఎలుకల జబ్బులను శాస్త్రవేత్తలు ఆటోఇన్‌ఫ్లమేటరీ అంటారు. ఇవి ఆటోఇమ్యూన్ జబ్బులకు దగ్గరి చుట్టాలు. వీటిలో తొలి వరస కాపలాదారే తప్పు చేస్తాడు.

పేర్లు వేరైనా పాఠం ఒకటే. పైకి వాపు ఒకేలా కనిపించినా లోపలి కేక ఒకటి కాకపోవచ్చు. ఇది మాటల తేడా కాదు, మందు తేడా. ఆల్ఫా, బీటా తట్టే తలుపునే మూసేసే మందు అనకిన్రా. బీటాను ఒక్కదాన్నే పట్టే మందు కనకినుమాబ్. దోషి ఆల్ఫా అయినచోట రెండోది ఇస్తే ఏం లాభం?

కరోనా రోజుల్లోనూ ఈ ప్రయోగశాల ఖాళీగా లేదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు కేకలు కలిస్తే కణాలు మూకుమ్మడిగా చనిపోయి ప్రాణం మీదికొస్తుందని ఎలుకల్లో చూపించింది. ఆ రెండింటినీ అడ్డుకుంటే కరోనా సోకిన ఎలుకల్లో చావులు తగ్గాయి. మనం టీవీల్లో విన్న 'సైటోకైన్ తుపాను' ఇలాంటిదే.

కేకను ఆపేవాళ్లూ ఉన్నారు

అదే టెనెసీ రాష్ట్రంలో, ఓక్‌రిడ్జ్ అనే ఊళ్లో 1949లో చర్మం పొలుసులు రాలే మగ ఎలుకపిల్లలు పుట్టాయి. కొద్ది వారాలే బతికాయి. అణుబాంబు తయారీలో పాలుపంచుకున్న ఊరది. రేడియేషన్ ప్రభావాలు చూడటానికి ఎలుకలను పెంచుతుండగా వాటంతటవే పుట్టాయివి. వాటి సొంత తెల్లకణాలే వాటి అవయవాలను తినేస్తున్నాయి. కారణం తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ ఎలుకల్లో చెడిపోయిన జన్యువును పట్టుకున్నారు. పేరు ఫాక్స్‌పీ3. జపాన్‌లో షిమోన్ సకగుచి 1995లోనే గుర్తించిన ప్రత్యేక తెల్లకణాలు తయారు కావాలంటే ఈ జన్యువే కావాలని తర్వాత తేలింది. 'ఇక చాలు, ఇళ్లకెళ్లండి' అని మిగతా కణాలకు నచ్చజెప్పే పెద్దమనుషులు ఆ కణాలే! ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ వచ్చింది.

కాబట్టి జబ్బుకు రెండు దారులు. కేక పెట్టేవాడు ఆపకపోవడం ఒకటి. ఆపేవాడు లేకపోవడం ఇంకొకటి.

ఎలుక చెప్పిందల్లా వేదమా?

కాదు. నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి జబ్బు తెప్పించిన ఎలుకలకు టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే మేలు జరిగింది. ఆ ధైర్యంతో మనుషుల్లో లెనర్‌సెప్ట్ అనే మందు వాడి చూశారు. మందు తీసుకున్నవారిలో జబ్బు ఇంకా ముదిరిందని 1999లో తేలింది. తిండి సంగతీ అంతే. ఎముకలు వాచే ఎలుకలకు కొవ్వు ఎక్కువున్న మేత పెడితే పేగుల్లో సూక్ష్మజీవులు మారి జబ్బు రాలేదని తిరుమలాదేవి బృందమే 2014లో చూపించింది. అలాగని రేపటి నుంచి నెయ్యి తాగేయకండి! అది ఒక రకం ఎలుకల్లో, ఒక జబ్బు సంగతి. తిండి, పేగులు, కేకలు... ఈ మూడింటికీ లంకె ఉందని మాత్రమే దాని అర్థం.

ఎలుక చెప్పింది సకాలంలో వినకపోతే ఏమవుతుందో చెప్పే కథా ఉంది. టీఎన్‌ఎఫ్ లేని ఎలుకలు క్షయ క్రిములను అదుపు చేయలేవని 1995లోనే తెలిసింది. తర్వాత టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడిన రోగుల్లో లోపల నిద్రపోతున్న క్షయ బయటపడిందని 2001లో గుర్తించారు. అందుకే ఇప్పుడు ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు డాక్టర్లు క్షయ పరీక్ష చేయిస్తారు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు. కేకను అణిచేటప్పుడు నిజం దొంగ వస్తే ఎలా అన్నది కూడా చూసుకోవాలి మరి.

భీమవరం మాత్ర

ఇంత ఖరీదైన ఇంజెక్షన్లు అందరికీ అక్కర్లేదు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కు డాక్టర్లు సాధారణంగా మొదట రాసే మాత్ర మెథోట్రెక్సేట్. దాని వెనకా ఓ తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దానికి అడ్డుపడే మందులనూ తయారుచేసింది. అవి రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు పనిచేశాయని 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ చిన్న మోతాదులో ఇస్తే కీళ్లలో కేకల హోరు తగ్గిస్తుందని తర్వాత తేలింది. 1988లో అమెరికా ఈ జబ్బుకు దాన్ని ఆమోదించింది. మెథోట్రెక్సేట్‌తో పాటు వికారం, నోటిపూత రాకుండా ఇచ్చేది ఫోలిక్ యాసిడే. ఇంట్లో ఆ రెండు మాత్రల అట్టలుంటే రెండింటి వెనకా ఉన్నది ఒకే తెలుగువాడు!

ఒక్క మాట మాత్రం ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఫలానా వారం అని అట్ట మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోవడం మంచిది. గర్భిణులు వాడకూడదు. మధ్యమధ్యలో రక్తపరీక్షలు తప్పనిసరి.

ఆలస్యమే అసలు శత్రువు

పొద్దున్నే అరగంటకు మించి వేళ్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల్లోనూ చిన్న కీళ్లు ఒకేలా వాయడం, ఆరు వారాలైనా తగ్గకపోవడం... ఇవి కనిపిస్తే నొప్పి మాత్రలతో కాలక్షేపం చేయకూడదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ వంటి రక్తపరీక్షలు డాక్టరుకు దారి చూపిస్తాయి. నొప్పి మాత్ర నొప్పిని దాస్తుంది, అంతే. లోపల కీలు కరుగుతూనే ఉంటుంది. ఒకసారి వంకర తిరిగిన వేలును ఏ మందూ తిన్నగా చేయలేదు. మొదటి నెలల్లోనే సరైన మందు పడితే చాలామందికి వేళ్లు దక్కుతాయి.

ఇక 'ఇమ్యూనిటీ పెంచే' పొడి డబ్బా సంగతి. పెంచడమే మందయితే ఆ ఇల్లాలికి జబ్బు రావాల్సిన అవసరమే లేదు. ఆమె ఒంట్లో కాపలా తక్కువై కాదు, ఆపమని చెప్పేవాళ్లు చాలక! ఏ కేకను ఎంత తగ్గించాలో తెలిసినవాళ్ల చేతిలో పెడితే మళ్లీ వాకిట్లో ముగ్గు పడుతుంది. గుంట గట్టు మీద కాపలా మనిషి ఉండాల్సిందే. దొంగ వెళ్లిపోయాక అతనికి నిద్రపోవడమూ తెలిసుండాలి.